కేస్ స్టడీ: బాస్కెట్‌బాల్ ఆడే అమ్మాయికి బడి వెతకడం

(ఊరు, బడుల పేర్లు, కుటుంబాన్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాం. ఫీజులు దగ్గరి వెయ్యికి సర్దాం. తల్లిదండ్రుల ఒప్పుకోలుతో రాసింది.)

నేపథ్యం

కోనసీమలో కాలువ గట్టు మీది ఊరు. తండ్రికి కొంచెం కొబ్బరి తోట, కౌలుకు తీసుకున్న రొయ్యల చెరువు. తల్లి ఇంట్లోనే మిషను కుడుతుంది. పెద్దమ్మాయి 2011 తొలి నెలల్లో పుట్టింది. మండల కేంద్రంలోని ప్రైవేటు బడిలో 7వ తరగతి పూర్తయ్యేసరికి 165 సెంటీమీటర్ల ఎత్తు. ఆ బడికి కోర్టు లేదు. పక్క కాలేజీ మైదానంలో ఒకే రింగు ఉంటే, పాత ఆటగాడొకరు ఆదివారాలు అక్కడ నేర్పేవారు. ఎడమచేతి డ్రిబుల్ (బాలును నేలకు కొడుతూ కదలడం) చక్కగా వచ్చింది. బాలు చేతిలో ఉండగా తలెత్తి చూసే అలవాటు కూడా వచ్చింది. ఆ వయసులో ఇది అరుదు.

2024 వేసవి శిబిరంలో ఈ పిల్లను చూసి, జిల్లా బయటి ఓ రెసిడెన్షియల్ సీబీఎస్ఈ బడి వాళ్లు ఇంటికే వచ్చారు. స్పోర్ట్స్ కోటాలో సగం ఫీజు మాఫీ అన్నారు. ఫ్లడ్‌లైట్ల కింద రెండు కోర్టుల ఫోటోలు చూపించారు. జూన్‌లో 8వ తరగతిలో చేర్చారు. పిల్లలకు తగిన బడి ఎంచుకోవడంలో సలహా చెప్పే మా దగ్గరికి తల్లిదండ్రులు వచ్చింది డిసెంబరులో.

వచ్చినప్పటి సమస్య

తల్లి మాట: "ఆటే మానేస్తానంటోంది మాస్టారూ. మోకాలు నొప్పంటోంది. మనిషి సగమైపోయింది." తండ్రి అడిగింది వేరు: "ఈసారి మంచి కోర్టున్న బడేదో మీరే చెప్పండి, అక్కడ వేసేస్తాం."

ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేదు. మొదటి బడిలోనూ మంచి కోర్టే ఉంది. అక్కడ ఏది చెడిందో తెలియకుండా రెండో బడి వెతికితే అదే గొయ్యిలో మళ్లీ పడతారు. అందుకని పిల్ల చేత ఒక మామూలు గురువారం దినచర్యను గంటలతో సహా రాయించాం.

5 గంటలకు లేవాలి. 5.30 నుంచి 7 దాకా స్టడీ. 8 నుంచి 4.15 వరకు క్లాసులు. 4.30 నుంచి 5.15 ఆటలు. 6 నుంచి 9.30 మళ్లీ స్టడీ. పడుకునేసరికి 10.15. అంటే నిద్ర ఆరుగంటల ముప్పావు. పదమూడేళ్ల పిల్లకు 8 నుంచి 10 గంటలు కావాలి. ఆటల ముప్పావుగంటలో వరుసలో నిలబెట్టడానికీ, బూట్లు మార్చుకోవడానికీ పోగా మిగిలేది అరగంట. ఆ అరగంటలో రెండు కోర్టుల మీద నలభై మంది దాకా పిల్లలు, ఏడు బాళ్లు. ఆదివారాలు ఒక్క రింగు దగ్గర ఆడినప్పుడే ఆమె చేతికి బాలు ఎక్కువసేపు దక్కేది.

నొప్పికి కారణం వేరు. ఎత్తుగా ఉందని ఆగస్టు నుంచి నవంబరు దాకా బాస్కెట్‌బాల్‌తో పాటు వాలీబాల్‌కీ, త్రోబాల్‌కీ, హైజంప్‌కీ ఆమె పేరే ఇచ్చారు. నాలుగూ ఎగిరే ఆటలే, అన్నీ సిమెంటు లేదా గట్టి నేల మీదే. మోకాలి చిప్పకు కొంచెం కింద, ముంగాలి ఎముక మీద వేలితో నొక్కితే నొప్పెట్టే బుడిపె లేచింది. ఎముకల డాక్టరు ఆస్‌గుడ్-ష్లాటర్ అని చెప్పారు. ఎదిగే వయసులో, తొడ కండర స్నాయువు ఎముకకు అతుక్కునే చోట పదే పదే లాగడం వల్ల వచ్చే బాధ ఇది. ఎగరడం తగ్గిస్తే చాలామందికి నెలల్లో సర్దుకుంటుంది, తగ్గించకపోతే సాగుతూనే ఉంటుంది.

మూడోది తల్లిదండ్రులకు తట్టనిది. ఆ బడిలో ఆమెను రింగు కింద, వీపు రింగువైపు పెట్టి నిలబెట్టారు. అండర్-14లో ఆ ఎత్తుకు ఎదురుండదు కాబట్టి రీబౌండ్లు (గురి తప్పి తిరిగొచ్చే బాళ్లు) ఆమెకే వచ్చేవి, మ్యాచ్‌లు గెలిచేవారు. కానీ ఎదుగుదల లెక్క చూడాలి. తండ్రి 180, తల్లి 163 సెంటీమీటర్లు. ఆడపిల్లకు వాడే మామూలు లెక్క ప్రకారం తండ్రి ఎత్తులో 13 తీసి, తల్లి ఎత్తు కలిపి, సగం చేస్తే 165. పైగా రజస్వల అయి ఏడాదిన్నర దాటింది. ఆ తర్వాత ఆడపిల్లలు సగటున పెరిగేది 5 నుంచి 7 సెంటీమీటర్లు, అందులో చాలా భాగం మొదటి ఏడాదిలోనే. ఈమె 168, మహా అయితే 170 దగ్గర ఆగుతుంది. సీనియర్ మహిళల ఆటలో అది గార్డు, అంటే బాలు తెచ్చి ఆట నడిపే మనిషి ఎత్తు. 13 ఏళ్లప్పుడు సెంటర్‌గా, అంటే రింగు కింద వాడుకున్న పిల్ల 17 ఏళ్లకు బాలు తేలేక, బయటి నుంచి షూట్ చేయలేక బెంచీ మీద కూర్చుంటుంది.

బడి పిల్లల ఆటల పోటీలు నడిపే జాతీయ సంఘం ఎస్జీఎఫ్ఐ లెక్కలో 2024-25కి అండర్-14 అంటే 2011 జనవరి 1న గానీ తర్వాత గానీ పుట్టినవాళ్లు. ఈ పిల్లకు ఆ విభాగంలో అదే ఆఖరి సంవత్సరం. బడివాళ్లు ఇంటిదాకా వచ్చింది ఆ ఒక్క సీజన్ కోసమే. 2025-26లో అండర్-17కు వెళ్తే ఎదురుగా ఉండేది పదహారేళ్లవాళ్లు. కన్సెషనేమో "ప్రతి ఏడూ ప్రతిభను బట్టి" అని రాసి ఉంది.

ఆ సగం ఫీజు సంగతి: ట్యూషన్ ఫీజు 90,000. హాస్టలు, మెస్సు 1,10,000. పుస్తకాలు, యూనిఫాం 18,000. ఫౌండేషన్ కోర్సు 12,000. మొత్తం 2,30,000లో తగ్గింది ట్యూషన్‌లో సగం, 45,000. ఐదో వంతుకు కూడా కొంచెం తక్కువే. "సగం" అన్నప్పుడు దేనిలో సగమని అడగాలి.

మొదటి ప్రయత్నం: ఉన్న బడిలోనే సర్దడం

మధ్యలో టీసీ తీస్తే వచ్చేదేమీ లేదు. ఆటల సీజన్ ఎలాగూ అయిపోయింది. ఒకే ఏడాది రెండు చోట్ల నుంచి ఆడటం కుదరదు. 8వ తరగతికి పబ్లిక్ పరీక్ష లేదు. అందుకని ఏప్రిల్ దాకా అక్కడే ఉంచి, రెండే కోరికలు రాసిచ్చాం: ఆరు వారాలు ఎగిరే ఆటలేవీ వద్దు, ఉదయం స్టడీ వారానికి మూడు రోజులు మినహాయించి నిద్రపోనివ్వాలి. ప్రిన్సిపల్ వెంటనే సరేనన్నారు.

ఆటల సంగతి అమలైంది, ఎందుకంటే కోచ్ అప్పటికే మానేసి వెళ్లిపోయాడు. నిద్ర సంగతి మూడు వారాలు కూడా నిలవలేదు. ప్రిన్సిపల్ మాట వార్డెన్ దాకా రాలేదు. వచ్చినా వార్డెన్ ఉద్యోగం స్టడీలో హాజరు లెక్క మీద ఉంది, పిల్లల నిద్ర మీద కాదు. పెద్ద క్యాంపసుల్లో మాట ఇచ్చేది ఒకరు, చదువు డీన్ చేతిలో, రాత్రి వార్డెన్ చేతిలో. మనకు కావలసిన గంట ఎవరి అధికారం కిందికి వస్తుందో వాళ్లతోనే మాట్లాడాలి.

రెండో ప్రయత్నం: పాత బడి, పట్నంలో కోచింగ్

తల్లికి నచ్చిన దారి ఇది. పిల్లను ఇంటికి తెచ్చి, పాత బడిలోనే వేసి, సాయంత్రాలు పట్నంలో శిక్షణ ఇప్పించడం. చేర్చే ముందు వారం మొత్తాన్ని కాగితం మీద వేశాం. 4.30కి బడి వదులుతుంది, 9వ తరగతికి 5.30 దాకా స్పెషల్ క్లాసు. పట్నం చేరేసరికి 6.15. తండ్రి చెరువుకు మేత వేసే సమయమూ, ఏరేటర్లు చూసుకునే సమయమూ సరిగ్గా అదే. తల్లికి బండి రాదు. లెక్కతేలింది వారానికి రెండు రోజులు, అదీ చెరువులో జబ్బేమీ రాకపోతేనే. ఒక్క మనిషి తీరిక మీద ఆధారపడ్డ ఏర్పాటు కార్తీకం దాకా కూడా నిలవదు. కాగితం మీదే వదిలేశాం.

మూడో ప్రయత్నం: రెండు బడుల మధ్య ఎంపిక

ఊరి నుంచి గంటలోపు చేరగలిగే బడుల్లో, కోర్టున్నవి ఫిబ్రవరి, మార్చిల్లో చూశాం. చివరికి రెండు మిగిలాయి. వెళ్లింది ముందు చెప్పకుండా, స్లిప్ టెస్టులు జరిగే వారంలో, సాయంత్రం 4 గంటలకు. వార్షికోత్సవం రోజున అన్ని కోర్టులూ కళకళలాడతాయి.

మొదటిది సీబీఎస్ఈ బడి. రంగు పూత వేసిన కోర్టు, కొత్త బోర్డులు, విశ్వవిద్యాలయ స్థాయిలో ఆడిన కోచ్. ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ. తండ్రి బయటికొస్తూ "అద్దంలా ఉందండి కోర్టు, ఇంతకంటే ఏం కావాలండి?" అన్నారు. కోర్టు మీద ఇరవై మందికి పైగా అబ్బాయిలున్నారు. అమ్మాయిలు నలుగురు. ఐదుగురు లేకుండా జట్టు దిగదు. ఆ ఐదో మనిషి కోసమే మాఫీ. పైగా 10వ తరగతి దాకా బడి మారకూడదనీ, వాళ్ల అనుమతి లేకుండా బయటి టోర్నమెంటు ఆడకూడదనీ హామీపత్రం అడిగారు.

రెండోది ఆడపిల్లల మిషనరీ బడి, స్టేట్ సిలబస్. ఫీజు 32,000, బస్సు 14,000, పైసా మాఫీ లేదు. పాత సిమెంటు కోర్టు, ఒక మూల నాచు పట్టిన నల్లటి మచ్చ, అంటే వానకు నీళ్లు నిలిచేది అక్కడే. పీఈటీ మేడం అథ్లెటిక్స్ మనిషి. తొమ్మిది బాళ్లలో మూడింటికి గాలి లేదు, మిగతావాటిలో సగం అబ్బాయిల 7వ సైజువి. అయినా బెల్లు కొట్టిన ఐదు నిమిషాలకు పదహారు మంది పిల్లలు ఎవరూ పిలవకుండానే కోర్టు మీదికి వచ్చారు. వాళ్లలో ఆరుగురు 9, 10 తరగతులవాళ్లు, టెస్టుల వారంలో. ఒక పిల్లను ఎంచుకుని పది నిమిషాలు చూశాం. బాలు ఆమె చేతికి ముప్పైసార్లకు పైగా వచ్చింది. మొదటి బడిలో అలాగే చూసినప్పుడు ఓ అమ్మాయికి ఆరుసార్లు వచ్చింది. అబ్బాయిలు ఆమెకు పాసే ఇవ్వలేదు.

ఇక్కడ తండ్రికీ మాకూ మధ్య చాలా చర్చ నడిచింది. మేం పెట్టిన వాదన ఒకటే: డబ్బుతో బాగయ్యే లోపాలను ఒక పక్కన, డబ్బుతో బాగుకానివాటిని ఇంకో పక్కన వేసి చూడండి. బాళ్లు కొనొచ్చు, నాచు గీకించొచ్చు. పదహారు మంది ఆడే పిల్లల్ని కొనలేం. 4 నుంచి 5.30 దాకా ఖాళీగా ఉన్న గంటన్నరను కొనలేం. కోర్టు పక్కనే బట్టలు మార్చుకునే గది, జట్టుతో ప్రయాణం చేసే మహిళా పీఈటీ కూడా ఉన్నారు. ఆడపిల్లల్ని టోర్నమెంట్లకు పంపడంలో సగం ఇళ్లలో అడ్డుపడేది ఇదే కాబట్టి ఆ రెండూ చిన్న విషయాలు కావు. బాస్కెట్‌బాల్ కోచ్ లేకపోవడం నిజమైన లోటు. ఆ లోటుకు ఆదివారాలు నేర్పిన పాత ఆటగాడే శనివారాలు వచ్చేలా హెచ్ఎం సిస్టర్ ఒప్పుకున్నారు.

సిలబస్ బోర్డు మార్పు కూడా తూచాం. సీబీఎస్ఈ నుంచి స్టేట్‌కు గానీ, అటు నుంచి ఇటు గానీ, పదో తరగతి పరీక్షకు ముందు ఇబ్బంది లేకుండా మారగలిగే ఆఖరి మెట్టు 9వ తరగతి ప్రవేశమే. స్టేట్ బడి అయితే ఆట దారి మండలం, జిల్లా, రాష్ట్రం. సీబీఎస్ఈ అయితే క్లస్టర్ (కొన్ని బడులను కలిపిన గుంపు), ఆపైన జాతీయం. అమ్మాయిల జట్లు ఇక్కడ మండల, జిల్లా దారిలోనే ఎక్కువ కనిపిస్తాయి. నష్టం ఒక్కటే, తెలుగు. పదో తరగతిలో ప్రథమ భాషగా రాయాలంటే పద్యాలు నోటికి రావాలి, ఏడాదిగా ఆమె అటు చూడలేదు. వేసవిలో రోజుకో పద్యమని తల్లే కూర్చోబెట్టింది.

చేర్చే ముందు హెచ్ఎంతో ఒక పేజీ కాగితం రాసుకున్నాం. సంతకాలు మూడు: హెచ్ఎం, పీఈటీ, తండ్రి. బాస్కెట్‌బాల్ కాక మరో ఒక్క ఆటకే పేరు ఇస్తారు. సోమ, మంగళ, గురు, శుక్రవారాలు 75 నిమిషాలు, శనివారం రెండు గంటలు, మొత్తం 7 గంటలు. బుధ, ఆదివారాలు సెలవు. (వారానికి ఎన్ని గంటల శిక్షణ అన్నది పిల్ల వయసు సంఖ్యను మించకూడదని పిల్లల డాక్టర్లు చెప్పే కొండగుర్తు. దానికి సగమే ఇది.) టోర్నమెంటు రోజుల్లో తప్పిన టెస్టు పది రోజుల్లోపు మళ్లీ పెడతారు. మోకాలు నొప్పంటే ఆ రోజు ఎగిరే పని ఉండదు, కారణం అడగరు. దసరాకూ సంక్రాంతికీ ముగ్గురూ కూర్చుని చూసుకుంటారు.

చేరాక తేలినవి

జూన్‌లో మొదట తేలింది రింగు. పిల్ల వేసే షాట్లన్నీ రింగు వెనక అంచుకు కొట్టుకుంటున్నాయి. నేల నుంచి రింగు పై అంచు దాకా 3.05 మీటర్లుండాలి. టేపు పెడితే ఒక వైపు 2.94, రెండో వైపు 2.97. ఎప్పుడో పాత నేల మీదే ఇంకో పొర కాంక్రీటు పోశారు, స్తంభాలు మాత్రం అలాగే ఉంచారు. ఇలాంటి రింగుకు అలవాటుపడ్డ పిల్లలు టోర్నమెంటుకు వెళ్తే బాలు ముందు అంచుకు తగిలి పడిపోతుంది. పిల్లలేమో భయం వల్ల అనుకుంటారు. ఊళ్లో వెల్డింగు షాపు అతను బోర్డు చేతులకు కొత్త ప్లేట్లు వేసి, బోల్టు రంధ్రాలు పైకి జరిపాడు. రెండు వైపులకూ కలిపి 7,000 లోపే, నలుగురు తల్లిదండ్రులు పంచుకున్నారు.

అప్పుడే ఫ్రీ-త్రో గీత (ఫౌల్ అయినప్పుడు అడ్డు లేకుండా షాటు వేసే చోటు) కూడా కొలిచాం. బోర్డు ముఖం నుంచి నేల మీదికి దారానికి రాయి కట్టి వదిలి, అది తాకిన చోటు నుంచి 4.60 మీటర్లు కొలవాలి. గీత గీసినవాడు స్తంభం నుంచి కొలిచేశాడు. దాంతో గీత మీటరుకు పైగా దగ్గరికి జరిగింది. డెల్టాలో చాలా బడుల కోర్టుల మీద ఇదే తంతు.

నాచు మూలను వానాకాలమంతా వారానికోసారి బ్లీచింగ్ చల్లి, గట్టి చీపురుతో గీకి, కడగాల్సి వచ్చింది. జూలైలో రెండు వారాలు ఎడతెగని వాన. అప్పుడు వరండాలో గోడకు పాసులు, ఎడమచేతి డ్రిబుల్, కుర్చీలో కూర్చుని ఒంటిచేతి షాటు. ఎగరడం లేనందువల్ల మోకాలికి అది వరమైంది.

6వ సైజు బాళ్లు నాలుగు కొన్నాం. అమ్మాయిల ఆట ఆ సైజుతోనే. భుజం ఎత్తు నుంచి వదిలితే నడుము దాకా లేవకపోతే గాలి చాలనట్టు.

అన్నిటికంటే మొండిది మ్యాచ్‌ల కొరత. బడుల పోటీలు నాకౌటు పద్ధతిలో జరుగుతాయి. మండలంలో రెండు, జిల్లాలో రెండు మ్యాచ్‌లు, ఓడితే ఇంటికే. ఏడాది సాధన నాలుగైదు మ్యాచ్‌లతో ముగిసిపోతే పిల్ల నేర్చుకునేదేముంటుంది? శనివారం రెండు గంటల్లో రెండో గంటను మ్యాచ్‌కే కేటాయించాం. ఒక వారం పక్క పట్నం అమ్మాయిలతో, ఒక వారం అండర్-14 అబ్బాయిలతో. సంక్రాంతి సెలవులకు ముందు మ్యాచ్‌లు 24 అయ్యాయి.

పీఈటీ మేడం కూడా మొదట్లో ఆమెను రింగు కిందే నిలబెట్టారు. గెలవాలన్న తపన అందరిదీ. దసరా సమావేశంలో వాదన పెట్టుకోకుండా ఎత్తు పట్టిక ముందు పెట్టాం: ఏడాదిలో పెరిగింది 1.5 సెంటీమీటర్లు. ఆ రోజు నుంచి మొదటి రెండు క్వార్టర్లు బాలు తెచ్చేది ఆమే, చివరి రెండింట్లో మేడం ఇష్టం. జట్టు రెండు మ్యాచ్‌లు ఓడింది, బాలు పోగొట్టుకుని. ఆ ఓటముల్ని భరించిన బడి కాబట్టే ఈ ఏర్పాటు నిలబడింది.

రాకపోకల్లో 2025 ఆగస్టు 15 నుంచి పెద్ద వెసులుబాటు. బడి బస్సు 4.30కే వెళ్లిపోతుంది, సాధన అయ్యాక పల్లెవెలుగే దిక్కు. ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణమిచ్చే స్త్రీశక్తి పథకం వచ్చాక ఆధార్ చూపిస్తే టికెట్టుకు డబ్బు కట్టనక్కర్లేదు. దాంతో దూరపు ఊళ్ల నుంచి ఇంకో ముగ్గురు పిల్లలు సాయంత్రం ఆగడం మొదలుపెట్టారు.

2026 జనవరి నాటికి

ఎత్తు 168. ఆగస్టు తర్వాత మోకాలి నొప్పి చెప్పలేదు, బుడిపె అలాగే ఉంది, అది ఉండిపోవచ్చు. నిద్ర 9.45 నుంచి 6.15 దాకా. జిల్లా అండర్-17 ఎంపికలకు పిలిచారు కానీ చివరి పన్నెండు మందిలో పేరు రాలేదు. మొదటి ఏడాది అది అనుకున్నదే. లెక్కల్లో మార్కులు మొదటి సమ్మేటివ్ పరీక్షలో బాగా పడిపోయాయి. టోర్నమెంటు వారంలో పోయిన రెండు పాఠాలు మళ్లీ చెప్పించాక కోలుకుంది. టెస్టు మళ్లీ పెట్టడం గురించి కాగితంలో రాశాం గానీ పాఠం మళ్లీ చెప్పడం గురించి రాయలేదు, సంక్రాంతికి ఆ వాక్యం కలిపాం.

ఇలాంటి పిల్లతో ఇంకెవరైనా వస్తే మొదట అడిగించేది ఇవే: మీ పిల్ల విభాగంలో, దాని పై విభాగంలో ఇప్పుడు ఎంతమంది ఆడుతున్నారు? గత ఏడాది ఆ జట్టు ఎన్ని మ్యాచ్‌లు ఆడింది? 10వ తరగతి పిల్లలు డిసెంబరులో కూడా కోర్టు మీద కనిపిస్తారా? చివరి ప్రశ్నకు జవాబు ఆఫీసులో దొరకదు, వాచ్‌మన్ చెబుతాడు. పుట్టినతేదీ కూడా చూసుకోవాలి. జనన ధ్రువపత్రం, ఆధార్, అడ్మిషన్ రిజిస్టరు మూడింట్లోనూ ఒకటే ఉండాలి. బడిలో వేసేటప్పుడు ఓ ఏడాది అటూ ఇటూ రాయించిన ఇళ్లు మన వైపు తక్కువేమీ కాదు. జిల్లా దాటాక ఎముకల వయసు పరీక్ష దాకా వెళ్తే అప్పుడు దిద్దుకోవడం కుదరదు.

ఈ కుటుంబం ముందు ఇప్పుడున్న ప్రశ్న ఇంటర్. చెన్నైలోని ఒక బడి నుంచి తండ్రికి ఫోను వచ్చింది, 11వ తరగతికి రమ్మని. ఆట పరంగా మంచి చోటే. కానీ ఇంటర్ స్థాయి పరీక్ష ముగిసే ఏటితో కలిపి వరుసగా నాలుగేళ్లు ఇక్కడ చదివితేనే ఇంజనీరింగ్ లాంటి సీట్లకు ఆంధ్రా యూనివర్సిటీ పరిధిలో స్థానికురాలవుతుంది. రెండేళ్లు బయటికెళ్తే ఆ వరుస తెగి, స్థానికులకు కేటాయించని (అన్‌రిజర్వుడు) 15 శాతంలో పోటీపడాలి. ఆమెకు ఏ చదువు కావాలో తేలాకే ఫోనుకు బదులివ్వమన్నాం. గడువు 10వ తరగతి సంక్రాంతి సమావేశం, అంటే 2027 జనవరి.